కార్తీకంలో ఆకులు రాలవమ్మా

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

నీ కథ అందింది. తీరిగ్గా చదివాను, మీ పెదనాన్నగారికి కూడా చదివి వినిపించాను. రిటైరైన మాస్టారు, ఆయన భార్య, వాళ్ళ పెరడు, అక్టోబర్ నెల. మంచి వస్తువు ఎంచుకున్నావు. వాక్యం నీ చేతికి బాగానే లొంగింది. నీలో సత్తా ఉందన్న నమ్మకం కుదిరింది కనకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ ఆకుల సంగతి. మొదటి పేజీలోనే మాస్టారు పెరట్లో పడక్కుర్చీ వేసుకుని, రాలుతున్న పండుటాకుల్ని చూస్తూ గడిచిపోయిన జీవితం గురించి ఆలోచిస్తాడు. అమ్మాయీ, అక్టోబర్‌లో మన గోదావరి పక్కన ఆకులన్నీ రాల్చుకునే చెట్టు ఏది? మనకి ఆకు రాలే కాలం మాఘ ఫాల్గుణాలు. ఆశ్వయుజ కార్తీకాలంటే వానలు వెనకపట్టి, నేలలో పదును ఇంకా దండిగా ఉండి, పెరడు మంచి పచ్చగా కళకళ్ళాడే రోజులు. బంతి విరగబూస్తుంది, చామంతి మొగ్గ తొడుగుతుంది, చిక్కుడు పందిరి ఎక్కేసి పక్కింటి గోడ మీదకి చెయ్యి చాస్తుంది. తెలంగాణలో బతుకమ్మ పేర్చేది కూడా ఈ రోజుల్లోనే కదా, గట్ల మీద తంగేడూ గునుగూ నిండుగా పూసి ఉండబట్టే.

ఆకు రాలే అక్టోబర్ న్యూజెర్సీలో ఉంటుంది. మా అమ్మాయి ఉండేది అక్కడే. ఈ నెలంతా ఇంటి ముందు ఆకులు పోగుచేసి సంచులకెత్తడంతోనే సరిపోతుంది దానికి. మొదటి మంచు పడేలోగా గోంగూర ఆఖరి కోత కోసేసుకుంటుంది. కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకుంటుంది, లేకపోతే మొక్క చలికి చచ్చిపోతుంది. ఆ ఊరి కథ రాసేటప్పుడు ఆకుల్ని నీ ఇష్టం వచ్చినన్ని రాల్చు. రాజమండ్రి దగ్గరి పెరట్లో మాత్రం వద్దు.

ఋతువు ఒక్కటే తప్పయితే ఒక ముక్కలో చెప్పి ఊరుకునేదాన్ని. ఆ ఆకు వెనకాలే మిగతావన్నీ వరసగా వచ్చేశాయి. అమెరికా కొడుకు, మోగని ఫోను, గుమ్మం వైపు చూపు, చివర్లో గాలికి ఆరిపోయే దీపం. ముసలివాళ్ళు అనగానే మన కథల్లో దిగులు తప్ప మరోటి కనపడదెందుకో. దిగులు లేదని నేననను. ఎవరూ లేనివాళ్ళు, జరుగుబాటు లేనివాళ్ళు ఎంతమందో ఉన్నారు, వాళ్ళ కథలు తప్పకుండా రాయాలి. కానీ నువ్వు రాసిన దంపతులకి పెన్షన్ ఉంది, సొంతిల్లుంది, పెరడుంది, ఒకరికొకరున్నారు. పొద్దస్తమానం బాధపడుతూ కూచోడానికి వాళ్ళకి తీరికెక్కడిది? కార్తీకంలో పెరడున్న ఇంట్లో ఎంత పనుంటుందో, ఆ పనిలో ఎంత సంతోషముంటుందో తెలిస్తే ఆ పేజీలు నువ్వే కొట్టేస్తావు.

సంతోషాన్ని రాయడం కష్టమమ్మా. ఏడుపు రాస్తే చదివేవాళ్ళు సగం వాళ్ళే పూరించుకుంటారు. సంతోషం రాయాలంటే ఆ పని ఎలా చేస్తారో రచయితకి తెలిసి ఉండాలి. "పెరట్లో రకరకాల పూలు పూశాయి, ఆమె మనసు పులకించింది" అని రాశావు. ఏ పూలు? ఎవరు పెట్టారు? ఎప్పుడు?

ఒక్క చామంతిని తీసుకో. జూన్, జూలై నెలల్లో కడియం నర్సరీలోనో, తెలిసినవాళ్ళ ఇంట్లోనో పిలకలు తెచ్చి పెడతాం. భాద్రపదం దాకా చిగురు తలలు తుంచుతూనే ఉండాలి, అప్పుడే పక్క కొమ్మలొచ్చి గుబురుగా తయారవుతుంది. మొగ్గ తొడగడానికి మాత్రం దానికి చీకటి కావాలి. రాత్రి పొడుగయ్యేకొద్దీ అది పూతకి సిద్ధపడుతుంది. ఒక ఏడాది మా ప్రహరీ వారన పెట్టిన కుండీలు ఏపుగా ఎదిగాయి గానీ దీపావళి దాటినా ఒక్క మొగ్గ లేదు. అదే మొక్క, అదే మట్టి, పెరట్లో ఉన్నవి పూతకొచ్చేశాయి. ఎరువు చాల్లేదని నేను, నీళ్ళెక్కువయ్యాయని ఆయన, రోజూ ఇదే వాదన. ఒక రాత్రి మంచినీళ్ళకి లేచినప్పుడు మీ పెదనాన్నగారు కిటికీలోంచి చూసి పట్టుకున్నారు. కొత్తగా వేసిన వీధిలైటు వెలుగు తెల్లవార్లూ ఆ కుండీల మీదే పడుతోంది. మర్నాడు ఇద్దరం చెరో పక్కా పట్టుకుని, నాలుగడుగులకోసారి దింపి ఊపిరి తీసుకుంటూ, వాటిని నూతి వెనక్కి మోసుకెళ్ళాం. ఆలస్యంగానైనా పూశాయి.

అందులో కథ ఉందా లేదా నువ్వే చెప్పు. నీ మాస్టారికీ ఆవిడకీ ఇలాంటి పని ఒకటి ఇచ్చి చూడు. వాళ్ళిద్దరి మధ్య ఎంత ప్రేముందో నువ్వు విడిగా చెప్పక్కర్లేదు.

చిక్కుడు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నువ్వు దాన్ని ఒట్టి "పచ్చని తీగ" అని రాసి వదిలేశావు. ఆషాఢ శ్రావణాల్లో పెట్టిన పాదు చిక్కుడు ఇప్పుడు పూతకొస్తుంది. పూతతో పాటే పేనుబంక. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని లేత చివుళ్ళు తిప్పి చూడాలి. పూగుత్తి కాడ చుట్టూ, ఆవగింజలో సగం కూడా ఉండని నల్లటి పురుగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పట్టి ఉంటాయి. అవి కళ్ళకి ఆనకపోతే చీమల్ని చూడాలి. తీగ మీద చీమలు బారు కట్టాయంటే పేను పట్టినట్టే, వాటినుంచి కారే తీపి జిగురు కోసం వస్తాయి. మా అమ్మ కచ్చిక బూడిద చల్లేది. ఆకు మీద మంచు తడి ఆరకముందే చల్లాలి, అప్పుడే అంటుకుంటుంది. ఇప్పుడు ఇళ్ళలో బూడిదెక్కడిది? లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి ఎండ తగ్గాక కొడుతున్నాం. ఎర్రటి అక్షింతల పురుగులు కనపడ్డ రోజున మాత్రం మందు జోలికి పోం. పేనుని అవే తినేస్తాయి.

ఆ కాయలు కోసుకొచ్చాక మధ్యాహ్నం అరుగు మీద చేరతాం. చిక్కుడుకాయకి రెండు పక్కలా ఈనె లాగాలి, ఊరికే విరిచి వెయ్యకూడదు, విప్పి లోపల పురుగుందేమో చూడాలి. నాకు దగ్గర చూపు ఆనదు, ఆయనకి వేళ్ళు వంగవు. అందుకని నేను ఈనె తీసిస్తే ఆయన విప్పి చూస్తారు. నీ కథలో సంభాషణలు కట్టెలా బిగుసుకుపోయాయి అనిపించింది నాకు. దానికి కారణం, వాళ్ళిద్దర్నీ నువ్వు ఖాళీ చేతులతో ఎదురెదురుగా కూచోబెట్టావు. నలభై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళు అలా కూచుని "మన జీవితం ఎలా గడిచిపోయిందో చూశావా" అని అనుకోరమ్మా. "ఇది ముదిరింది, గింజ ఒలిచి పప్పులో వెయ్యి" అంటారు. "నిన్న ఉప్పెక్కువైంది" అంటారు. ఎప్పుడో మధ్యలో, చేతిలో కాయ మీంచి తల ఎత్తకుండా, "తమ్ముడికి ఆపరేషన్ ఎప్పుడన్నారు?" అని అడుగుతారు. అవతలివాళ్ళు జవాబు చెప్పేముందు ఇంకో రెండు కాయలు విప్పుతారు. నువ్వు చెవి పెట్టి వినాల్సింది అక్కడ.

నీకు ఎదురుచూపు మీద రాయాలని ఉంది, అది తెలుస్తూనే ఉంది. ఆ ఫోను పక్కన పెట్టి, ఆవిడని కొత్తిమీర కుండీ దగ్గర కూచోబెట్టు. నీ కథలో ఆవిడ ధనియాలు చల్లిన మర్నాటికే మొలకలొచ్చేశాయి. అలా రావు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి, ముందు వాటిని బద్దలుగా విడగొట్టాలి. గుడ్డ మీద పోసి చెప్పుకాలితో మెల్లగా రాస్తే విడిపోతాయి, గట్టిగా తొక్కితే నలిగిపోతాయి. రాత్రి నానబెట్టి, పొద్దున్న చల్లి, పైన పల్చగా మట్టి కప్పాలి. అదే రోజు పక్క కుండీలో చల్లిన మెంతులు నాలుగో రోజుకి తలెత్తుతాయి. ధనియాలకి వారం, పది రోజులు. ఈలోగా పిచ్చికలొస్తాయి, పిల్లి వచ్చి మట్టి గోకుతుంది, నీళ్ళు ధారగా పోస్తే గింజలు ఒక మూలకి కొట్టుకుపోతాయి. రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్ళి వంగి చూడటం, ఇంకా లేదు, ఇంకా లేదు. తర్వాత ఓ పొద్దున్న మట్టి సన్నగా పగిలి, గింజ పొట్టుని నెత్తిన మోసుకుంటూ రెండు సన్నటి ఆకులు. ఆ పొద్దున్న ఇంట్లో అందరికీ చెప్పుకుంటాం. న్యూజెర్సీకి వీడియో కాల్ చేసి కూడా చూపిస్తాం. అక్కడ రాత్రయినా అది విసుక్కోదు, దగ్గరగా పెట్టమ్మా అంటుంది.

ఒంటి సంగతి దాచకు. నీ మాస్టారు డెబ్బై ఏళ్ళవాడు గానీ పాతికేళ్ళ కుర్రాడిలా గునపం పట్టి పాదు తవ్వేస్తున్నాడు. మేం ముక్కాలిపీట వేసుకుని కూచుని కలుపు తీస్తాం. బకెట్ సగమే నింపుతాం. కుండీలు నడుమెత్తు గట్టు మీదకి ఎక్కించాం. పారిజాతం సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది, నేల మీంచి ఏరి దేవుడికి పెట్టే పువ్వు అదే కదా. వంగి ఒక్కొక్కటీ ఏరలేక, రాత్రి పడుకోబోయేముందు చెట్టు కింద పాత నేతచీర పరిచి వస్తాను. పొద్దున్న నాలుగు చెంగులూ కలిపి ఎత్తేస్తే సరి. ముసలితనంలో ఉపాయాలు చాలా ఉంటాయి. వాటిల్లో ఉన్న ఆనందం పడుచువాళ్ళకి పైకి కనపడదు, నువ్వు దగ్గరకెళ్ళి చూస్తేనే రాయగలవు.

సంతోషం రాయమంటున్నానని భయాన్ని వదిలెయ్యకు. మన తీరంలో ఈ నెలలంటేనే ఆకాశం వంక ఒక కన్నేసి ఉండాలి. 1996 నవంబర్ 6 రాత్రి తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలు ఎలా కూలిపోయాయో మా తరం మర్చిపోలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ చెట్లని ఏం చేసిందో నీకూ గుర్తుండే ఉంటుంది. టీవీలో వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, మా ఇంట్లో టెన్షన్ మొదలు. పందిరి రాటలు బిగిస్తాం, అరటి గెలకి పోటు పెడతాం, మేడ మీది కుండీలు మెట్ల కిందకి చేరతాయి. గాలి ఎటో మళ్ళిపోయిందని తెలిసిన పొద్దున్న తాగే కాఫీ రుచే వేరు. ఆ రుచి రాయాలంటే ముందటి రాత్రి కూడా నీ కథలో ఉండాలి.

వంటింటిని కూడా పెరటికి కలుపు, మన ఇళ్ళలో రెండిటికీ మధ్య ఒక్క గుమ్మమే కదా. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి మానేస్తే కూర రుచిగా ఉండదనుకునేవాళ్ళకి మా కందా బచ్చలి పెట్టాలి. కంద తవ్వుకొచ్చింది, బచ్చలి నూతి పక్కది. ఆవ నూరి, కూర దించి కాస్త వేడి తగ్గాక కలపాలి, పొయ్యి మీద ఉండగానే కలిపితే చేదెక్కుతుంది. దీపావళికి కొత్త ప్రమిదలు పొద్దున్నే నీళ్ళలో నానేస్తాం, లేకపోతే నూనె అంతా అవే పీల్చేస్తాయి. ఇక పెరట్లో ముదిరిన గోంగూర కాడలుంటాయి చూడు, వాటిని ఎండబెట్టి ఉంచుతాం. సాయంత్రం ఆ గోగుపుల్లలకి నూనె వత్తులు చుట్టి, మనవలు దగ్గర లేరు కనక వీధిలో పిల్లల్ని పిలిచి, దివ్వెలు కొట్టిస్తాం. నీ కథలో దీపావళి ఉంది గానీ పెరట్లోంచి వచ్చిన వస్తువు ఒక్కటీ దాన్లో లేదు. ఒక్క గోగుపుల్ల పెట్టు, చాలు.

ముగింపులో ఆ దీపం ఆరిపోవడం తీసెయ్. దానికి బదులు మరో ముగింపు నేను చెప్పను, చెబితే అది నా కథ అయిపోతుంది. ముందు కొత్తిమీర చల్లు. మీ అపార్ట్‌మెంట్ బాల్కనీలో పొద్దుటి ఎండ పడుతుందన్నావుగా, వెడల్పాటి తొట్టి ఒకటి చాలు. అది మొలిచేలోగా కథ ముట్టుకోకు. మొలిచాక తిరగరాయి, సంక్రాంతి సంచికకి పంపుదువుగాని, దానికి ఇంకా టైముంది.

అక్షరదోషాలు పెన్సిల్‌తో గుర్తుపెట్టిన నీ కాపీ, మా పెరటి పాదు చిక్కుడు గింజలు ఒక పొట్లం, ఇదే కవర్లో పెడుతున్నాను. గింజలు మాత్రం ఇప్పుడు పెట్టకు, వచ్చే ఆషాఢం దాకా డబ్బాలో దాచు.

ఉంటాను,
పెద్దమ్మ