చిన్న కుక్కను క్యాబిన్‌లో తీసుకెళ్లాలంటే: మత్తుమందు వద్దు, బ్యాగు అలవాటు చేయండి

మీరు అడిగింది ఇదీ. అయిదు కిలోల కుక్క, నెలన్నర తర్వాత మూడు గంటల ఫ్లైట్, సీటు కింద బ్యాగులో పెట్టుకుని తీసుకెళ్లాలి. ఇల్లు దాటి ఎరగని కుక్క కాబట్టి దారంతా అరుస్తుందేమోనని మీ టెన్షన్. మత్తుమందు వేసి పడుకోబెట్టేయమని ఎవరో సలహా ఇచ్చారు, వేయొచ్చా?

వేయకండి. విమానం పైకి వెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. మత్తుమందు కుక్క రక్తపోటును తగ్గిస్తుంది, ఒంటి వేడిని అదుపులో పెట్టుకునే శక్తిని దెబ్బతీస్తుంది, ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది. అమెరికాలోని పశువైద్యుల సంఘం, అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ కూడా విమాన ప్రయాణానికి మత్తు ఇవ్వొద్దనే చెబుతుంది. పైగా మత్తుతో తూలుతున్న కుక్కను చాలా ఎయిర్‌లైన్స్ ఎక్కించుకోవు. భయం మరీ ఎక్కువ ఉన్నవాటికి డాక్టర్లు గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటి భయం తగ్గించే మందులు రాస్తుంటారు, అది వేరే సంగతి. మీ డాక్టరు అలాంటిది రాస్తే ప్రయాణానికి చాలా ముందే ఒక రోజు ఇంట్లో వేసి చూడండి. మందు పడ్డాక ఇంకా చిరాకు పడే కుక్కలూ ఉంటాయి, ఆ సంగతి విమానంలో తెలియకూడదు. షి ట్జు, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతి అయితే ఊపిరి విషయం డాక్టరుతో విడిగా మాట్లాడండి. కొన్ని ఎయిర్‌లైన్స్ ఈ జాతులను అసలు ఒప్పుకోవు.

అసలు పనంతా బ్యాగుతోనే. కుక్కకు విమానమంటే ఏం తెలుసు? దానికి తెలిసేదల్లా ఒక ఇరుకు బ్యాగు, జిప్పు, కింద నుంచి వచ్చే గుయ్యిమనే మోత. ఆ బ్యాగు తన పడక అనుకుంటే మిగతావాటిని ఎలాగోలా భరిస్తుంది. కాబట్టి బ్యాగు ఈ వారమే కొనండి, ప్రయాణం ముందు రోజు కాదు.

మా ఇంటి కుక్కకు మొదట్లో బ్యాగంటే మహా అనుమానం. వెనక కాళ్లు బయటే పాతుకుని, ఒళ్లంతా సాగదీసి, లోపలున్న ట్రీటును నోటితో అందుకుని వెనక్కి జారుకునేవాడు. మేం తోయలేదు. పైకప్పు మడిచి, వాడు రోజూ పడుకునే చోటే బ్యాగు పెట్టి, అందులోనే అన్నం పెట్టడం మొదలుపెట్టాం. గిన్నెను రోజుకు కాస్త కాస్త లోపలికి జరిపాం. చివరికి ఒక మధ్యాహ్నం తనంతట తనే వెళ్లి అందులో పడుకున్నాడు.

తర్వాత జిప్పు. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ కుక్కలు బెదిరేది దీనికే. వాడు బయట ఉండగానే జిప్పు సర్రున లాగడం, వెంటనే ట్రీటు ఇవ్వడం, అంతే. కొన్నాళ్లకు ఆ చప్పుడు వింటే చాలు, పక్క గదిలోంచి పరుగెత్తుకొచ్చేవాడు. అప్పుడు గానీ వాణ్ని లోపల ఉంచి వేయలేదు. మొదట సగం, తర్వాత పూర్తిగా వేసి వెంటనే తీయడం, తర్వాత వేసి పక్కనే కూర్చోవడం. కాస్త కుయ్‌మంటే ఆగి, గొంతు తగ్గిన క్షణంలో తీయండి. గోళ్లతో గీరుతూ గాభరా పడుతుంటే మాత్రం ఆగకుండా తీసేయండి. మనం తొందరపడ్డామన్నమాట, ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి.

జిప్పు వేసి నిద్రపోవడం వచ్చాక బ్యాగు ఎత్తి ఇల్లంతా తిరగండి, కారులో తిప్పండి. మీరు కుర్చీలో కూర్చుని బ్యాగును కాళ్ల ముందు, బల్ల కింద పెట్టుకుని టీవీ చూడండి. ఫోన్లో విమానం మోత పెట్టి మెల్లగా సౌండు పెంచండి. ఒక లెక్క మర్చిపోవద్దు: మూడు గంటల ఫ్లైట్ అంటే ఎయిర్‌పోర్టులో ఎదురుచూపు, దిగి బయటికి రావడం కలిపి బ్యాగులో ఆరు గంటల దాకా అవుతుంది. ఒకే దఫా రెండు మూడు గంటలు ప్రశాంతంగా ఉండగలిగితే మీ పని దాదాపు అయినట్టే.

బ్యాగు కొనే ముందు ఎయిర్‌లైన్ వాళ్ల కొలతలు చూసుకోండి. ఒక్కో ఎయిర్‌లైన్‌కు ఒక్కో కొలత. కుక్క లోపల నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి. మెత్తటి గుడ్డ బ్యాగైతే సీటు కింద కాస్త ఒదుగుతుంది. గాలి ఆడే జాలీ ఒక వైపే ఉన్నది వద్దు. బరువు పరిమితి చాలాచోట్ల కుక్క, బ్యాగు కలిపి 7 లేదా 8 కిలోలు, కొందరు ఇంకా తక్కువే ఒప్పుకుంటారు. ఇంట్లోనే తూకం వేయండి. ఒక ఫ్లైట్‌లో ఇన్ని జంతువులకే చోటని పరిమితి ఉంటుంది కాబట్టి టికెట్ కొనకముందే ఫోన్ చేసి కుక్కకు చోటు ఖాయం చేసుకోండి. ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుస, ముందు గోడ ఉండే మొదటి వరుస ఇవ్వరు.

కాగితాల సంగతి. మీరు దేశం దాటుతున్నారో లేదో రాయలేదు. దాటకపోయినా టీకాల కార్డు, డాక్టరిచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. ఈ సర్టిఫికెట్ తేదీకి గడువు ఉంటుంది, చాలాచోట్ల 10 రోజులే. దేశం దాటితే మాత్రం నెలన్నర కూడా చాలకపోవచ్చు. ఉదాహరణకు యూరోపియన్ యూనియన్‌కు వెళ్లాలంటే ముందు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), ఆ తర్వాతే రేబిస్ టీకా. మొదటిసారి వేస్తుంటే ఆ తర్వాత 21 రోజులు ఆగాలి. కొన్ని దేశాల నుంచి వెళ్లేవాటికి రక్తపరీక్ష కూడా అడుగుతారు, దానికి నెలలు పడుతుంది. బ్రిటన్, ఆస్ట్రేలియాలకు సహాయక కుక్కలు తప్ప పెంపుడు కుక్కలు క్యాబిన్‌లో రావడానికి వీల్లేదు.

ప్రయాణం రోజు తిండి నాలుగైదు గంటల ముందే, అదీ తక్కువగా. నీళ్లు మాన్పించకండి, కొంచెం కొంచెం ఇవ్వండి. బయల్దేరే ముందు బాగా అలసిపోయేలా నడిపించండి. ప్యాడ్ మీద మూత్రం పోయడం ఇప్పటి నుంచే అలవాటు చేయండి. సెక్యూరిటీ దాటాక గడ్డి కనిపించదు, ప్యాడ్ మీద పోసే కుక్కకైతే టాయిలెట్‌లో ఒక మూల చాలు. బ్యాగు అడుగున ఒక ప్యాడ్, విడిగా ఇంకో రెండు, తడి టిష్యూలు, మీరు వేసుకుని విడిచిన పాత టీషర్టు పెట్టుకోండి. టీషర్టు ఉతకొద్దు, మీ వాసనే కావాలి.

నాకు అన్నిటికన్నా కంగారు అనిపించేది సెక్యూరిటీయే. అక్కడ కుక్కను బయటికి తీయాలి. ఖాళీ బ్యాగు ఎక్స్‌రేలోకి వెళ్తుంది, కుక్కను మీరు ఎత్తుకుని నడవాలి. ఇనుప ముక్కలున్న పట్టీ తీయించే అవకాశం ఉంది, అలా మెడలో ఏమీ లేని కుక్క ఆ ట్రేల చప్పుళ్లకు ఉలిక్కిపడి చేతుల్లోంచి దూకిందంటే ఇక పట్టుకోవడం కష్టం. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి నడుం కింద వేసి ఒంటికి గట్టిగా అదుముకోండి. విడిగా గది అడిగితే చాలాచోట్ల ఇస్తారు, మొహమాటపడకండి.

విమానం పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు మనకు మూసుకున్నట్టే దానికీ చెవులు మూసుకుంటాయి. ఆ రెండు సమయాల్లో జాలీలోంచి గోరంత ట్రీటు ముక్కలు అందిస్తూ ఉండండి, మింగితే చెవులు తెరుచుకుంటాయి. కుయ్‌మన్నప్పుడల్లా వంగి బుజ్జగిస్తే ఇంకా పెంచుతుంది. మాట్లాడకుండా వేళ్లు జాలీకి ఆనించి ఉంచండి, వాసన చూసి సర్దుకుంటుంది. పక్క సీటువాళ్లకు కుక్కల అలర్జీ ఉంటే సిబ్బందికి ముందే చెప్పి సీటు మార్చుకోండి. బ్యాగు మాత్రం మధ్యలో తెరవొద్దు, అది ఎయిర్‌లైన్ నిబంధన కూడా.

ఇంకొకటి. తిరుగు ప్రయాణానికి కూడా కుక్క చోటు ఇప్పుడే బుక్ చేసేయండి. అక్కడ 10 రోజులు దాటి ఉంటే ఈ సర్టిఫికెట్ చెల్లకపోవచ్చు కాబట్టి ఆ ఊళ్లో ఒక పశువుల డాక్టరు నంబరు ముందే తీసుకుని పెట్టుకోండి.