ఎండలో ఆరే చీర నీళ్ళు 100 డిగ్రీలు ఎప్పుడు చూశాయి?

తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి అడిగిన ప్రశ్నను మీరు ఇక్కడ ఉంచారు. నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరిగా మారుతుందని పాఠంలో చదివాక, దండెం మీద ఆరేసిన చీర 35 డిగ్రీల ఎండలోనే ఎలా ఆరిపోతోందని ఆమె అడిగింది. ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్ళు భౌతికశాస్త్రం బోధించాను. పదార్థ స్థితుల పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఈ ప్రశ్న కోసం ఎదురుచూసేవాణ్ణి, ఎందుకంటే ఇది అడిగిన పిల్లకు ఆ పాఠం సగం అర్థమైనట్టే. ఆమె సందేహం న్యాయమైనది. "100 డిగ్రీల వద్ద నీరు ఆవిరవుతుంది" అన్న వాక్యంలోనే లోపం ఉంది. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఆవిరి కావడానికి దానికి ఏ ఉష్ణోగ్రత అయినా చాలు.

మన వాడుకలో ఈ తేడా చక్కగా నిలిచి ఉంది. బట్ట ఆరుతుంది, చెరువు ఎండుతుంది, ఎసరు మరుగుతుంది. మూడింటిలోనూ ద్రవం వాయువుగా మారుతోంది, అయినా బట్ట మరిగిందని ఎవరూ అనరు. పాఠ్యపుస్తకాలు మొదటి రెండింటినీ బాష్పీభవనం అంటాయి, మూడోదాన్ని మరుగుట అంటాయి. పరీక్షకు ఈ పేర్లు రాస్తే మార్కులు వస్తాయి గానీ, నీటిలో ఏం జరుగుతోందో తెలియకపోతే అవి పేర్లుగానే మిగిలిపోతాయి.

నీటిలోని అణువులన్నీ ఒకే వేగంతో కదలవు. కొన్ని మందకొడిగా, ఎక్కువ భాగం ఒక మోస్తరుగా, కొద్దిపాటివి చాలా జోరుగా కదులుతుంటాయి. ఉష్ణోగ్రత అనేది వాటి సగటు శక్తికి కొలత మాత్రమే. ఉపరితలం దగ్గర ఉన్న జోరైన అణువు పక్కవాటి ఆకర్షణను తెంచుకుని గాలిలోకి వెళ్ళిపోతుంది. 35 డిగ్రీల దగ్గరే కాదు, 10 డిగ్రీల దగ్గర కూడా అలా వెళ్ళిపోయేవి ఉంటాయి, కాకపోతే తక్కువ. చీర పలుచగా, వెడల్పుగా పరుచుకుని ఉండటం వల్ల దాని నీటిలో ఎక్కువ భాగం ఉపరితలానికి దగ్గరగా ఉంటుంది. గాలి వీస్తే, బయటకు వచ్చిన ఆవిరి తిరిగి బట్టలో చేరే అవకాశం తగ్గుతుంది. అదే చీరను తడితడిగా ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో పెడితే సాయంత్రానికి కూడా ఆరదు. ఎంత ఆవిరి బయటకు వస్తుందో అంతే తిరిగి చేరుతుంది. మూత బిగించిన డబ్బాలో కర్పూరం తరగకుండా ఉండటానికి, మూత వదులైతే కొన్నాళ్ళకు మాయమవడానికి కారణం ఇదే. కర్పూరం విషయంలో ఘనపదార్థం ద్రవం కాకుండానే వాయువు అవుతుంది, అంతే తేడా.

మరగడం సంగతి వేరు. అక్కడ ఆవిరి నీటి పైభాగంలోనే కాక లోపల కూడా బుడగలుగా పుట్టాలి. బుడగ నిలవాలంటే దానిలోని ఆవిరి పీడనం బయటి గాలి పీడనానికి సాటి రావాలి. 30 డిగ్రీల వద్ద నీటి ఆవిరి పీడనం సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 760. ఆ బుడగ పుట్టగానే నలిగిపోతుంది. 100 డిగ్రీల వద్ద ఆవిరి పీడనం కూడా 760కి చేరుతుంది కాబట్టి నీరు తెర్లడం మొదలవుతుంది. అందువల్ల 100 అనే అంకె నీటికి మాత్రమే చెందినది కాదు, దానిపై ఉన్న గాలికి కూడా చెందినది. ఒకసారి పిల్లలను మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలకు తీసుకువెళ్ళినప్పుడు ప్రయోగశాల థర్మామీటరు వెంట తెచ్చాను. 1,200 మీటర్లకు పైబడిన ఆ ఎత్తులో, టీ కోసం పెట్టిన నీళ్ళు 96 డిగ్రీల దగ్గరే తెర్లాయి. ప్రెషర్ కుక్కరులో దీనికి తిరగబడిన పని జరుగుతుంది. లోపలి పీడనం బయటిదానికి దాదాపు రెట్టింపు అవుతుంది, నీరు 120 డిగ్రీలకు చేరువయ్యేదాకా మరగదు, కందిపప్పు త్వరగా ఉడుకుతుంది.

ఇక బాష్పీభవనంలో నాకు అన్నింటికంటే విలువైన పాఠం పుస్తకంలో దొరకలేదు, మా ఇంటి కుండ దగ్గర దొరికింది. అనంతపురంలో పనిచేస్తున్న రోజుల్లో ఒక వేసవిలో కొత్త కుండ కొన్నాను. వాకిట్లో అందంగా ఉంటుందని బయటివైపు నూనె రంగు వేసి, ముగ్గులు దిద్దాను. రెండు రోజులు చూసి మా అమ్మ "నీళ్ళు చల్లబడటం లేదు, కుండకు ఊపిరి ఆడకుండా చేశావు" అంది. ఆ మాటలో శాస్త్రం ఉంది. మట్టికుండ గోడలో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు కొద్దికొద్దిగా బయటికి చెమర్చి, అక్కడ ఆవిరవుతుంది. జోరైన అణువులు వెళ్ళిపోగా మిగిలిన నీటి సగటు శక్తి తగ్గుతుంది, అంటే నీరు చల్లబడుతుంది. రంగు ఆ రంధ్రాలను మూసేసింది. ఒక గ్రాము నీరు 30 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల వేడి తీసుకుంటుంది. పది లీటర్ల కుండ నుంచి 100 గ్రాముల నీరు ఇగిరిపోతే, ఆ వేడంతా లోపలి నీటి నుంచే వచ్చిందనుకుంటే, మిగిలిన నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. నిజానికి బయటి గాలి నుంచి కూడా వేడి వస్తూ ఉంటుంది కాబట్టి అంత తగ్గదు. పాతబడిన కుండ సరిగా చల్లబరచకపోవడానికి నీటిలోని ఉప్పులు రంధ్రాల్లో పేరుకోవడం ఒక కారణం. కొబ్బరి పీచుతో బయటివైపు తోమితే కొంత మేలు కనిపిస్తుంది.

తరువాత నాకు కాకినాడకు బదిలీ అయింది. మంచి కుండే తీసుకెళ్ళాం, రంగు వేయలేదు, అయినా అనంతపురంలో వచ్చిన చల్లదనం రాలేదు. తరగతిలో రెండు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడదీసి, ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి చూపించే అలవాటు నాకు ఉండేది. అనంతపురంలో ఏప్రిల్ మధ్యాహ్నం పొడిది 39 చూపితే తడిది 23 దగ్గర ఆగేది. కాకినాడలో పొడిది 35 ఉన్నా తడిది 30 కంటే కిందికి దిగేది కాదు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే, వెళ్ళిన అణువులకు దాదాపు సమానంగా తిరిగి వచ్చేవి కూడా ఉంటాయి. తీరంలో 35 డిగ్రీలే అయినా ఉక్కపోతతో ప్రాణం విలవిలలాడటం, రాయలసీమలో అంతకంటే ఎక్కువ వేడిలో కూడా నీడపట్టున కూర్చుంటే కాస్త ఊరట దొరకడం ఇందువల్లే. మన చెమట కూడా ఆ తడిగుడ్డ లాంటిదే. వట్టివేళ్ళ తడికలు, ఎయిర్ కూలర్లు లోతట్టు జిల్లాల్లో చేసినంత మేలు సముద్రం పక్కన చేయవు.

వంటింటి విషయం ఒకటి మీ అమ్మాయికి తప్పక చెప్పండి. నీరు తెర్లడం మొదలయ్యాక మంట ఎంత పెంచినా దాని ఉష్ణోగ్రత పెరగదు. పెంచిన వేడంతా స్థితి మార్పుకే ఖర్చవుతుంది. ఉష్ణోగ్రతలో కనిపించకుండా దాగిన ఈ వేడిని పద్దెనిమిదో శతాబ్దంలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ కొలిచి చూపించాడు. మన పుస్తకాల్లో దాని పేరు గుప్తోష్ణం. నీరు తెర్లగానే మంట తగ్గించినా అన్నం అదే వేగంతో ఉడుకుతుంది, గ్యాసు మిగులుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు తగిలే ఆవిరి, అంతే వేడి ఉన్న నీటికంటే ఘోరంగా కాల్చడానికీ ఇదే కారణం. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడే 540 కెలోరీలు వదిలిపెడుతుంది, ఆ తరువాత వేడినీరు చేసే పని ఎటూ చేస్తుంది. మూతను మీకు అవతలివైపు ఎత్తి తెరవండి.

మీది తీర ప్రాంతమో లోతట్టు ఊరో మీరు రాయలేదు. రెండు థర్మామీటర్లు దొరికితే ఒకదానికి తడిగుడ్డ చుట్టి, రెండింటినీ ఫ్యాను గాలికి పెట్టి, పది నిమిషాల తరువాత మీ అమ్మాయి చేతనే అంకెలు రాయించండి. ఆ రెండు అంకెలూ ఇక్కడ పెడితే, ఈ వేసవిలో మీ ఇంట్లో కుండ నీళ్ళు ఎంతవరకు చల్లబడగలవో లెక్కగట్టి చెబుతాను.