డీజిల్‌కీ ఊపిరి కావాలి

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

మెల్‌బోర్న్ నుంచి నువ్వు పంపిన కథ మొన్న రాత్రి చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సబ్‌మెరైన్ ఏఈ2 టర్కీలోని డార్డనెల్స్ జలసంధి అడుగున పడుకుని ఉంటే, నావికుడు గీసిన అగ్గిపుల్ల గాలి చాలక అంటుకోలేదని రాశావు. అక్కడ కాసేపు ఆగిపోయాను. పేజీ తిప్పాక కోపం వచ్చింది. "డీజిల్ ఇంజన్లు గర్జిస్తుండగా నీటి అడుగున దూసుకుపోయింది" అన్నావు. అగ్గిపుల్లకే చాలని గాలి, 800 హార్స్‌పవర్ ఇంజన్లు రెండింటికి ఎక్కడిదమ్మా?

ఆ కాలపు సబ్‌మెరైన్లలో డీజిల్ పైకి తేలినప్పుడే నడుస్తుంది. మునిగాక బ్యాటరీ, కరెంటు మోటార్లు, అంతే. ఆ బ్యాటరీని డీజిల్‌తో నింపడానికి మళ్లీ పైకి రావాలి, శత్రువు కంట పడినా సరే. వాళ్ల భయమంతా అక్కడే ఉంది. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలియకుండా దాని లోపల ఉన్న మనిషి భయం రాయలేం. నలభై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను.

నా మొదటి సబ్‌మెరైన్ కథలో బ్యాటరీ గురించి రెండు పేజీలు ఉండేవి. "పాఠకుడికి ఇంజనీరింగ్ పాఠం అక్కర్లేదు" అని ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేశాడు. అచ్చయ్యాక మా బావకి చూపించాను. ఆయన నేవీలో సబ్‌మెరైన్ ఎలక్ట్రీషియన్. సెలవుకి వస్తే ఆయన బట్టల్లో డీజిల్ వాసన రెండు ఉతుకులకీ పోయేది కాదు. చదివి, "ఇందులో మేం ఎక్కడున్నాం?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. సాహసం ఒక్కటే అమ్ముడుపోతుందనుకునే సంపాదకులు ఈనాటికీ ఉన్నారు. వాళ్ల కోసం రాయకు.

డీజిల్ ఎందుకొచ్చిందో కూడా నీ కథలో లేదు. అంతకుముందు బ్రిటన్ సబ్‌మెరైన్లు పెట్రోల్‌తో నడిచేవి. 1905లో ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవులో ఏ5 అనే సబ్‌మెరైన్ లోపల పెట్రోల్ ఆవిరి పేలి ఆరుగురు పోయారు. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు. 1908లో నీళ్లలోకి దిగిన డీ1, బ్రిటన్ మొదటి డీజిల్ సబ్‌మెరైన్ల వరుసలో ముందుది. నీ ఏఈ2 ఆ తర్వాత వచ్చిన 'ఇ' (E) క్లాస్‌ది. ఆ ఇంజన్ల పక్కన నిద్రపోయినవాళ్లకి పెట్రోల్ రోజుల సంగతి గుర్తుండదా?

ఇక 1915 ఏప్రిల్ 25. తెల్లవారుజామున జలసంధిలోకి దూరి, ఒడ్డున ఉన్న టర్కీ కోటల కింద రెండుసార్లు నేలకి తట్టుకుని, పగలంతా అడుగున పడుకుని, రాత్రి తొమ్మిదికి పైకి తేలారు. హ్యాచ్ తీయగానే లోపలికి వచ్చిన గాలి, డీజిల్ మొదలైన చప్పుడు, నిండుతున్న బ్యాటరీ: ఇది నీకు నాలుగు పేజీల సరుకు. ఆ రాత్రే ఏఈ2 అధిపతి లెఫ్టినెంట్ కమాండర్ స్టోకర్ జలసంధిలో ఇరుకు భాగం దాటేశామని వైర్‌లెస్‌లో సందేశం పంపాడు. జవాబు రాలేదు. సందేశం చేరింది, కానీ ఆ సంగతి ఆయనకి తెలియలేదు. దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేశావు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఇంకొకటి. చివర సగం మందిని చంపేశావు. ఏప్రిల్ 30న టర్కీ టార్పెడో బోటు సుల్తాన్‌హిసార్ గుళ్లు పొట్టలో దిగాక, స్టోకర్ అందరినీ బయటికి పంపి పడవను తనే ముంచేశాడు. ఆ రోజు ఒక్కరూ పోలేదు. నలుగురు తర్వాత ఖైదులో పోయారు. నిజంగా పోయినవాళ్లు ఉండగా ఉత్తుత్తి చావులు రాయడం నాకు నచ్చలేదు.

ఏ పత్రికకి పంపాలన్న నీ ప్రశ్న తర్వాత చూద్దాం. సెలవుల్లో వచ్చినప్పుడు విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కు. ఏఈ2 కంటే చాలా పెద్దది, కొత్తది, కానీ పైన డీజిల్, లోపల బ్యాటరీ అన్న లెక్క అదే. చూపించేవాళ్లు రిటైరైన నావికులే. బ్యాటరీ గురించి అడుగు. వచ్చే ముందు ఒక ముక్క రాయి, బావ కూడా వస్తానన్నాడు.