ఇనుము తగ్గించే ముందు

నల్లగొండ

బిడ్డా,

ఇనుము కొరతలో సయనోబాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ చేసే నీలాకుపచ్చ సూక్ష్మజీవులు) జన్యువుల తీరును ప్రాజెక్టుగా తీసుకున్నావని తెలిసి సంతోషించాను. చెరువు నాచుతో కాకుండా, 1996లోనే పూర్తి జన్యుక్రమం బయటికొచ్చిన సినెకోసిస్టిస్ 6803 అనే సయనోబాక్టీరియాతో మొదలుపెట్టు.

జన్యువుల కంటే ముందు గాజుసామాను సంగతి చూసుకోవాలి. నేను మొదటిసారి ఫ్లాస్కులను బోరునీళ్లతో కడిగి, పైన ఒక్కసారి డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇనుము లేని ద్రవంలో కల్చర్ పెడితే పది రోజులైనా రంగు మారలేదు. గాజుకు అంటుకున్న ఇనుమే దానికి సరిపోయిందని చాలా ఆలస్యంగా గ్రహించాను. నువ్వు రాత్రంతా హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టి పలుమార్లు శుద్ధజలంతో కడుగు. వీటిని పెంచే పోషక ద్రవం బీజీ-11లో లీటరుకు 6 మిల్లీగ్రాములుండే ఇనుప లవణం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌ను మానేసినా, కణాలు దాచుకున్న ఇనుము కొన్ని తరాలు నడిపిస్తుంది కనుక, తాజా ద్రవంలోకి రెండుసార్లైనా మార్చి పెంచాలి.

సున్నపు నేలలో ఇనుము ఉండీ అందక మన వరి నారు పసుపెక్కినట్లే ఈ కల్చరూ పాలిపోతుంది. పత్రహరితం ఎర్ర కాంతిని అత్యధికంగా పీల్చుకునే తరంగదైర్ఘ్యం (శోషణ శిఖరం) 680 నానోమీటర్ల దగ్గరి నుంచి 672 దాకా జరుగుతుంది. ఏ జన్యువు పనిచేస్తోందో చూడడానికి కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయకముందే దీన్ని కొలువు.

ఇక లోపలి కథ. ఇనుము ఉన్నంతసేపు ఫర్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని డీఎన్‌ఏ మీద కూర్చొని ఇసి-ఎ, ఇసి-బి జన్యువులను అణచి ఉంచుతుంది; కొరత రాగానే ఆ పట్టు సడలుతుంది. ఇసి-బి ఇచ్చే ఫ్లావోడాక్సిన్ అనే ప్రోటీన్, ఎలక్ట్రాన్లను మోసే ఇనుప ప్రోటీన్ ఫెర్రిడాక్సిన్ పనిని ఇనుము అవసరం లేకుండానే చేసిపెడుతుంది. కాంతిని పట్టి వాడుకునే ప్రోటీన్ల సముదాయమైన ఫోటోసిస్టం-1 ఒక్కోదానికి 12 ఇనుప పరమాణువులు కావాలి కాబట్టి వాటి సంఖ్య తగ్గుతుంది. మిగిలిన వాటిలో మూడేసి కలిసిన గుంపు చుట్టూ 18 ఇసి-ఎ ప్రోటీన్లు వలయం కట్టి కాంతిని అందిస్తాయని 2001లో తేలింది. నాకు అన్నిటికంటే నచ్చింది 2006లో బయటపడిన ఇస్‌ఆర్-ఆర్: ఇసి-ఎ జన్యువుకు ఎదురుగా ఉన్న డీఎన్‌ఏ పోగు నుంచి పుట్టే ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏ, ఇసి-ఎ సందేశ ఆర్‌ఎన్‌ఏకు అతుక్కుని రెండూ నశించేలా చేస్తుంది. కొరత నిజంగా ముదిరేదాకా కణం తొందరపడదన్నమాట. అందుకే ఒకే సమయంలో తీసిన నమూనాను నమ్మకుండా, మొదటి గంటల నుంచి చాలా రోజుల వరకు వరుసగా తీయి.

ఒక్క హెచ్చరిక. తీవ్రమైన వెలుతురుకూ, హైడ్రోజన్ పెరాక్సైడుకూ ఇసి-ఎ లేస్తుంది. అది పెరిగిందని ఇనుము కొరతే కారణమని రాసేయకు. అదే దీపం కింద మరో ఫ్లాస్కులో ఇనుము తిరిగి వేసి పక్కనే ఉంచు. దాని రంగు ఏ రోజు తిరిగొచ్చిందో నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ పాత లెక్చరర్