టెక్ సందేహాలు: సీలు మార్చినా ఆయిల్ ఎందుకు ఆగడం లేదు?

ప్రశ్న: మా పాత ట్రాక్టర్‌లో హైడ్రాలిక్ లిఫ్టు లీవర్ షాఫ్టు బయటికి వచ్చే చోట ఆయిల్ కారుతోంది. కిందటి ఏడాది అక్కడ ఆయిల్‌ను ఆపే రబ్బరు సీలు మార్పించాం. నాలుగు నెలలకే మళ్లీ మొదలైంది. ఈసారి నేనే మార్చుకుందామనుకుంటున్నాను. ఏమేం చూసుకోవాలి?

జవాబు: తప్పకుండా మార్చుకోవచ్చు. బలం కంటే ఓపిక ఎక్కువ అవసరమయ్యే పని ఇది. అయితే నాలుగు నెలలకే పోయిందంటే నాకు సీలు మీద అనుమానం లేదు, షాఫ్టు మీద ఉంది. ఈ షాఫ్టు ఇంజన్‌లోని వాటిలా గిర్రున తిరగదు. లీవర్‌తో పాటు కాస్త ముందుకు, కాస్త వెనక్కి కదులుతుంది, అంతే. అందుకే దీనికి అరుగుదల కంటే తుప్పే పెద్ద శత్రువు. వాన నీళ్లు, దుమ్ము షాఫ్టు వెంబడి వచ్చి సీలు అంచున నిలిచిపోతాయి. అక్కడ ఇనుము గుంటలు పడుతుంది. ఆ గరుకు మీద కొత్త రబ్బరు కూడా ఎక్కువ కాలం నిలవదు.

ముందు ఆయిల్ నిజంగా అక్కడినుంచే వస్తోందా అన్నది తేల్చుకోండి. పై మూత గాస్కెట్ నుంచి ఊరిన ఆయిల్ కిందికి జారి షాఫ్టు దగ్గర చేరడం మామూలే. ఆ భాగమంతా డీజిల్‌తో కడిగి, పొడిగా తుడిచి, టాల్కమ్ పౌడర్ చల్లండి. లిఫ్టును పది పదిహేను సార్లు పైకీ కిందికీ ఆడించి చూడండి. పౌడర్ ముందుగా ఎక్కడ తడిస్తే కారడం అక్కడ మొదలవుతోందన్నమాట.

ఆ తర్వాత చూడవలసింది ఆయిల్ మట్టం. చాలామంది ఇక్కడే పొరబడతారు. ట్రాక్టర్ సమతలంగా ఉండాలి, లిఫ్టు చేతులు కిందికి దిగి ఉండాలి. ట్రాక్టర్ ఆయిల్‌తోనే ట్రాలీని ఎత్తే ఏర్పాటు మీకు ఉంటే మరీ జాగ్రత్త. ట్రాలీ పైకి లేచి ఉన్నప్పుడు చూసి, తగ్గిందనుకుని ఆయిల్ పోస్తే, ట్రాలీ దిగగానే అందులోని ఆయిల్ కూడా తిరిగొచ్చి మట్టం మించిపోతుంది. లోపలి గాలికి దారి ఇచ్చే బ్రీదర్‌ను కూడా విప్పి కడగండి. అది మూసుకుపోతే లోపల వేడెక్కిన గాలికి దారి ఉండదు. ఎక్కడ సీలు బలహీనంగా ఉంటే అక్కడినుంచి ఆయిల్‌ను బయటికి నెడుతుంది.

ఇక సీలు సంగతి. పనిముట్టును నేలకు దించి, ఇంజన్ ఆపి, లీవర్‌ను రెండు మూడు సార్లు కదిపి, లోపలి ఒత్తిడి పోయాకే చేయి పెట్టండి. ఎత్తి ఉంచిన చేతుల కింద పని వద్దే వద్దు. ఆయిల్ మట్టం షాఫ్టు కంటే పైన ఉంటే కొంత తీసేయాలి. లీవర్ ఏ కోణంలో ఉందో షాఫ్టు మీద పంచ్‌తో గుర్తు పెట్టి, లీవర్‌ను షాఫ్టుకు బిగించి ఉంచే రోల్ పిన్‌ను కొట్టి బయటికి తీసి, లీవర్ తీయండి. షాఫ్టును మాత్రం బయటికి లాగవద్దు. లోపలి చివర దాని జోడు నుంచి జారిందంటే, అరగంట పనికి పై మూతంతా విప్పుకోవలసి వస్తుంది.

ఇప్పుడు షాఫ్టును తుడిచి, సీలు పెదవి, అంటే షాఫ్టును తాకే లోపలి రబ్బరు అంచు, ఆనే చోట గోటిని పొడవునా నెమ్మదిగా జరపండి. కంటికి నున్నగా కనిపించేది కూడా గోటికి దొరికిపోతుంది. కాస్త గరుకైతే 600 నంబరు ఎమరీ కాగితాన్ని నూనెలో తడిపి, షాఫ్టు చుట్టూ తిప్పుతూ రుద్దండి. పొడవునా రుద్దితే ఆ గీతలే ఆయిల్‌కు కాలువలవుతాయి. గోరు గాడిలో ఆగితే, చోటుంటే కొత్త సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు లోతుగా కూర్చోబెట్టండి, పెదవి కొత్త చోట ఆనుతుంది. గాడి మరీ లోతైతే పలుచని ఉక్కు తొడుగు వేయించాలి. షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. లొడలొడలాడితే షాఫ్టును లోపల పట్టి ఉంచే బుష్ అరిగింది. బుష్ మార్చకుండా సీలు ఒక్కటే మారిస్తే మళ్లీ నాలుగు నెలల ముచ్చటే.

పాత సీలు తీయడానికి దాని ముఖం మీద చిన్న రంధ్రం చేసి, స్క్రూ ఎక్కించి, పట్టుకారుతో లాగండి. డ్రిల్లు షాఫ్టుకు తగలకూడదు. కొత్తది ఎక్కించేటప్పుడు స్ప్రింగు కనిపించే వైపు ఆయిల్ వైపుకు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, రోల్ పిన్ రంధ్రం అంచు బ్లేడులా ఉంటుంది. సీలు దాని మీదుగా జారేటప్పుడే పెదవి తెగుతుంది, తెగినట్టు తెలియను కూడా తెలియదు. మీ కిందటి సీలు ఇలాగే పోయిందేమో కూడా. అంచును ఎమరీతో మొద్దుబార్చి, పైన పలుచని టేపు చుట్టి, పెదవికి ఆయిల్ రాసి జార్చండి. సీలు వెలుపలి కొలతకు సరిపడే సాకెట్ పెట్టి సమంగా కొట్టండి. పైన సీలెంట్ పూయవద్దు. రేపు ఎక్కడినుంచి కారుతోందో కనిపించకుండా చేస్తుంది తప్ప దేన్నీ ఆపదు.

ప్రశ్న: పాత సీలు మీద నంబరు చెరిగిపోయింది. ఫోను కెమెరాతో ఏ సీలో కనిపెట్టగలమా?

జవాబు: చెరిగిన అంకెల్ని చదవడానికి ఫోను బాగా పనికొస్తుంది. సీలును కడిగి, సుద్దపొడి రుద్ది తుడవండి. అంకెల గాడుల్లో తెల్లదనం మిగులుతుంది. టార్చి వెలుగును పక్కనుంచి ఏటవాలుగా పడనిచ్చి దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి చూడండి. 25-40-7 అని ఉంటే షాఫ్టు 25, సీలు కూర్చునే గూడు 40, మందం 7 మిల్లీమీటర్లు అని అర్థం.

ఫొటో చూపించి వెతికే యాప్‌ను మాత్రం నమ్మి ఆర్డరు చేయవద్దు. ఆకారం చూసి పోలికలు చెబుతుందే గానీ కొలత చెప్పలేదు. అంకెలు దొరకకపోతే వెర్నియర్‌తో షాఫ్టును, గూడును కొలవండి. పాత రబ్బరును కొలవకండి, అది సాగి ఉంటుంది. పాత బ్రిటిష్, అమెరికన్ నమూనాల్లో కొలతలు అంగుళాల్లో ఉంటాయి. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. వెర్నియర్ 25.4 చూపిస్తే దాన్ని 25గా సర్దుకోకుండా అంగుళం సీలే అడగండి.