సైకిల్ సందేహాలు: సీట్ పోస్ట్ మార్చేముందు

ప్రశ్న: నాది 20 అంగుళాల చక్రాల ఫోల్డింగ్ సైకిల్. తొక్కుతుంటే సీటు మెల్లగా కిందికి జారుతోంది. పైగా నా ఎత్తుకు చాలడం లేదు. పొడవైన సీట్ పోస్ట్ (సీటును మోసే గొట్టం) వేస్తే రెండూ తీరతాయా?

జవాబు: తీరవు. ఎత్తు చాలకపోవడం పోస్ట్ సమస్య. జారడం మాత్రం ఎక్కువగా పట్టు దగ్గరి సమస్య. దాన్ని వదిలేసి కొత్త పోస్ట్ వేస్తే అదీ జారుతుంది.

పోస్ట్ బయటికి తీసి, దాన్నీ, అది దిగే ఫ్రేమ్ గొట్టం, అంటే సీట్ ట్యూబ్ లోపలి భాగాన్నీ స్పిరిట్‌తో తుడవండి. పోస్ట్‌ను నిలబెట్టేది రాపిడే కనుక దానికి గ్రీజు, నూనె తగలకూడదు. గ్రీజు కావలసింది సీటును బిగించి వదిలే క్విక్ రిలీజ్ లివర్ తిరిగే చోట, దాని స్క్రూ మరలకు. చాలా ఫోల్డింగ్ సైకిళ్లలో ట్యూబ్ లోపల ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. రోజూ సీటు ఎత్తి దించడంతో అది అరిగిపోతుంది, లివర్ ఎంత బిగించినా పట్టు దొరకదు. అలాంటప్పుడు తొడుగు మార్చండి, పోస్ట్ కాదు. లివర్ సగం మూసేసరికే గట్టిగా తగలాలి. వేలితో నెడితే మూసుకుపోయేది బిగిసినట్టు కాదు.

ఇక సైజు. ఫోల్డింగ్ సైకిళ్ల కంపెనీలైన డాహోన్, టెర్న్ మోడళ్లలో చాలావాటికి పోస్ట్ లావు (వ్యాసం) 33.9 మి.మీ., బ్రాంప్టన్‌కు 31.8 మి.మీ. అయినా మీ పోస్ట్‌ను వెర్నియర్ కాలిపర్‌తో కొలవకుండా కొనకండి. కొంచెం లావైతే ట్యూబ్‌లో ఇరుక్కుంటుంది, కొంచెం సన్నమైతే క్లాంప్ (లివర్‌తో బిగిసే పట్టీ) పట్టుకోదు.

పొడవు తేల్చడానికి సీటు మీద కూర్చుని, పెడల్‌ను పూర్తిగా కిందికి దించి మడమ ఆనించండి. కాలు నిటారుగా రావాలి. ఆ ఎత్తుకు పోస్ట్ మీది కనీస లోతు గీత (పోస్ట్ కనీసం అంతవరకు ట్యూబ్‌లో ఉండాలని చెప్పే గుర్తు) ట్యూబ్ పైకి 40 మి.మీ. కనబడుతోందనుకోండి, 550 మి.మీ. పోస్ట్ స్థానంలో 600 మి.మీ.ది కావాలి. గీత బయటికి కనబడేలా తొక్కితే మీ బరువంతా ట్యూబ్ పై అంచు మీదే పడి ఫ్రేమ్ చీలే ప్రమాదం ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

కొనేముందు మడత కూడా చూసుకోండి. ట్యూబ్ అడుగు తెరిచి ఉన్న సైకిళ్లలో, సీటు దించినప్పుడు పోస్ట్ కిందికి పొడుచుకొస్తుంది. పొడవు పెరిగితే అది ముందే నేలకు తగిలి, సీటు పూర్తిగా దిగదు. బ్రాంప్టన్‌లో దించిన పోస్టే మడతను విడిపోకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి, అదే కంపెనీ చేసే పొడవైనదో, ఒకదానిలోంచి ఒకటి జరిగి పొడవయ్యే టెలిస్కోపిక్‌దో వేసుకోవడం మంచిది.

ప్రశ్న: గతుకులకు 27.2 మి.మీ. లావున్న, స్ప్రింగ్ గల సస్పెన్షన్ పోస్ట్‌ను షిమ్‌తో (సందు పూరించే పలుచని తొడుగుతో) వేయవచ్చా?

జవాబు: పొడవు సరిపోతేనే. మామూలు సైకిళ్ల పోస్ట్‌లు సాధారణంగా 350–400 మి.మీ. ఉంటాయి, ఫోల్డింగ్ సైకిల్‌కు అది చాలదు. పొడవైనది దొరికినా, సన్నని గొట్టం అంత పొడవున ఎక్కువగా ఊగుతుంది. షిమ్ చీలిక, ఫ్రేమ్ చీలిక ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే క్లాంప్ బిగింపు పోస్ట్ దాకా చేరదు. స్ప్రింగ్ భాగం సీటు కింద చోటు తీసుకుంటుంది కనుక మడత ఎత్తూ పెరుగుతుంది.

ప్రశ్న: పొడవు ఎక్కువైతే కోయించవచ్చా?

జవాబు: అల్యూమినియం పోస్ట్‌ను అడుగు వైపు హాక్సా బ్లేడుతో కోసి, అంచులను ఆకురాయితో నునుపు చేయవచ్చు. 30 మి.మీ. కోస్తే కనీస లోతు గీత కూడా 30 మి.మీ. పైకి జరిగినట్టే. కొత్త గీతను చెరగని ఇంకుతో వెంటనే గీయండి. కార్బన్ పోస్ట్ జోలికి మాత్రం పోవద్దు. రోజూ బిగించి వదులుచేసే క్లాంప్‌లో దాని మీద గీతలు పడి, అక్కడే బలహీనపడుతుంది.