కాఫీ సందుల్లోకి పిల్లల్ని తీసుకెళ్ళే ముందు

చి. బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినప్పుడు సగం చెప్పి సగం మర్చిపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా ప్రతి వేసవిలో మనవాళ్ళ పిల్లల్ని లండన్ సిటీలో పాత కాఫీ హౌస్‌లు ఉన్న సందులన్నీ తిప్పాను. ఈ ఏడాది మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. నువ్వు తిప్పుతానన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ముందు రోజు సంగతి. ఆదివారం మాత్రం పెట్టుకోకు. నేను మొదటిసారి అందరికీ సెలవు కదా అని ఆదివారమే తీసుకెళ్ళాను. సిటీ అంటే ఆఫీసుల పేట, సెలవు రోజు అక్కడ పిట్ట కూడా ఉండదు. పిల్లలు మూసిన తలుపులు చూసి ఇంటికొచ్చారు. బడి సెలవుల్లో ఏదో ఒక పనిరోజు, ఉదయం పదిన్నరకి బ్యాంక్ స్టేషన్ బయట కలవండి. పన్నెండు దాటితే ఆఫీసు వాళ్ళు భోజనాలకు వచ్చేస్తారు, ఆ సందుల్లో నిలబడడానికి చోటుండదు. పన్నెండు మందికి మించి తీసుకెళ్ళకు. కొన్నిచోట్ల ఇద్దరు పక్కపక్కన నడిస్తే దారి నిండిపోతుంది.

స్టేషన్ బయట నిలబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టకు. చరిత్ర అనగానే సగం మంది ఫోన్లు తీస్తారు. నేరుగా కార్న్‌హిల్ మీదుగా సెయింట్ మైకేల్స్ ఆలీలోకి తీసుకెళ్ళు. చర్చి పక్కన సందు. అక్కడ జమైకా వైన్ హౌస్ అని ఎర్రరాతి పబ్ ఉంది. దాని గోడ మీద ఫలకం ఉంటుంది. లండన్‌లో మొదటి కాఫీ హౌస్ 1652లో ఇక్కడే, పాస్కువా రోజే తల గుర్తుతో ఉండేదని అందులో రాసి ఉంటుంది. ఫలకాన్ని పిల్లల చేతే చదివించు. చదివాక ఒక్క ప్రశ్న అడుగు: ఈ పేరు ఇంగ్లీషు వాడి పేరులా ఉందా?

కాదు. రోజే తూర్పు మధ్యధరా నుంచి వచ్చిన మనిషి. డేనియల్ ఎడ్వర్డ్స్ అనే వర్తకుడు ఇప్పటి టర్కీలో ఉన్న స్మిర్నాలో వ్యాపారం చేసి తిరిగొస్తూ అతన్ని పనివాడిగా వెంట తెచ్చుకున్నాడు. ఎడ్వర్డ్స్‌కి అక్కడ రోజూ కాఫీ తాగే అలవాటైంది. ఇక్కడ అతనింట్లో కాఫీ పెడుతున్నారని తెలిసి స్నేహితులు పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్ళట. ఆ తాకిడి తట్టుకోలేక, చర్చి ఆవరణ దగ్గర కొట్టు పెట్టుకోమని రోజేని పంపాడు. వ్యాపారం బాగా సాగింది. చుట్టుపక్కల బీరు అమ్మేవాళ్ళకి అది కంటగింపయింది. సిటీలో వ్యాపారం చేసే హక్కు ఇతనికి లేదు, బయటివాడు అని మేయరుకి ఫిర్యాదు చేశారు. చివరికి హక్కున్న బౌమన్ అనే అతన్ని భాగస్వామిగా కలుపుకుంటే గాని కొట్టు నిలబడలేదు.

ఈ కథ దగ్గర ఎంతసేపైనా ఆగు, తొందరపడకు. మన పిల్లల్లో చాలామందికి వీసా, పర్మిట్, స్పాన్సర్ అనే మాటలు ఇంట్లో రోజూ వినబడేవే. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక పనివాడు తన సొంత ముఖాన్నే కొట్టు గుర్తుగా వేలాడదీశాడని చెబితే, వాళ్ళ కళ్ళు ఎలా మారతాయో నువ్వే చూస్తావు. ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు మాదే ముందు అంటారు. అక్కడ 1650లో జేకబ్ అనే యూదుడు కాఫీ హౌస్ పెట్టాడని పాత రాతల్లో ఉంది. ఎవరైనా పెద్ద పిల్లలు ఈ మాట ఎత్తితే ఒప్పుకో, వాదించకు.

ఆ సందులోనే కాఫీ రుచి చూపించు. దీనికి ముందురోజే సిద్ధం కావాలి. 1660లో ఇక్కడ పన్ను వేసింది గింజల మీద కాదు, కాచిన కాఫీ మీద, గాలన్‌కి నాలుగు పెన్నీలు. ఎంత కాచారో అధికారి వచ్చి కొలిచేదాకా ఆగాలి గనక ఒకేసారి పెద్ద మొత్తంలో కాచి, నిలవ ఉంచి, అడిగినప్పుడల్లా మళ్ళీ వేడి చేసి పోసేవాళ్ళు. డికాక్షన్ ఒకసారి పొంగి, చల్లారి, మళ్ళీ కాగితే ఎలా ఉంటుందో నీకు చెప్పాలా! అందుకే ఆ కాలంలో కాఫీని మసితో పోల్చి తిట్టినవాళ్ళున్నారు. రాత్రే పొడి నీళ్ళలో మరగబెట్టి, పొద్దున్న మళ్ళీ కాచి, పాలు పంచదార లేకుండా ఫ్లాస్కులో పోసుకెళ్ళు. పెద్దవాళ్ళకు తలా ఒక గుక్క, పెద్ద పిల్లలకు నాలుక తడిసేంత చాలు. పిడి లేని చిన్న గిన్నెల్లో ఇవ్వు, అప్పట్లో వాటిని డిష్ అనేవాళ్ళు. ఆ చేదు మింగాక అందరూ అడుగుతారు: మరి ఇంత చెత్త కాఫీ కోసం ఎందుకు ఎగబడ్డారు అని. ఆ ప్రశ్న వాళ్ళ నోటి నుంచే రావాలి. అప్పటిదాకా నువ్వేమీ చెప్పకు.

వాళ్ళు వచ్చింది మాటల కోసం, వార్తల కోసం. బారు దగ్గర ఒక పెన్నీ పెడితే కాఫీ, పొయ్యి వెచ్చదనం, బల్ల మీది పత్రికలు, పక్కవాడి కబుర్లు అన్నీ దొరికేవి. పెన్నీ యూనివర్సిటీ అన్న పేరు అలా వచ్చింది. 1663 నాటికే సిటీలో 82 కాఫీ హౌస్‌లున్నాయి. 1666 అగ్నిప్రమాదంలో ఈ పేటంతా తగలబడిపోయింది, అయినా కాఫీ హౌస్‌లు మళ్ళీ లేచాయి. 1674లో అచ్చయిన కాఫీ హౌస్ నియమాల కాగితం ఒకటుంది. ఎంత గొప్పవాడు వచ్చినా ఎవరూ లేచి చోటివ్వక్కర్లేదు. ఒట్టు వేస్తే పన్నెండు పెన్నీల జరిమానా. తగాదా మొదలుపెట్టినవాడు అక్కడున్న అందరికీ కాఫీ పోయించాలి. పిల్లలకు ఈ చివరి నియమం భలే నచ్చుతుంది.

ఇక్కడ తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, మన ఊరి రచ్చబండ లాంటిదే కదా అని. మర్యాదగానే కాదని చెప్పు. రచ్చబండ దగ్గర ఎవరు గట్టు మీద కూర్చోవాలో, ఎవరు కింద నిలబడాలో ఊరికి ముందే తెలుసు. ఇక్కడ ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే పద్ధతి. అలాగని అందరికీ సమానత్వం ఉండేదని కూడా చెప్పకు. పెన్నీ లేనివాడు గుమ్మం దాటలేడు. ఆడవాళ్ళు కస్టమర్లుగా రావడం అరుదు. కానీ బారు వెనక ఉన్నది చాలాచోట్ల ఆడవాళ్ళే, యజమానులుగా నడిపినవాళ్ళూ ఉన్నారు. కోవెంట్ గార్డెన్‌లో టామ్ కింగ్ కాఫీ హౌస్‌ని భర్త పోయాక మాల్ కింగ్ నడిపింది. హోగార్త్ వేసిన ఉదయం అనే బొమ్మలో ఆ పాక కనిపిస్తుంది. ఫోన్లో దించుకుని ఆడపిల్లలకు చూపించు. నేను మొదటి కొన్నేళ్ళు ఈ సంగతే ఎత్తలేదు. ఒక పదేళ్ళ పాప, మరి అమ్మాయిలు ఎక్కడున్నారు ఆంటీ అని అడిగాకే వెతికి చదువుకున్నాను.

రెండో చార్లెస్ రాజు కథ నడుస్తూ చెప్పొచ్చు. తన మీద పుకార్లు పుట్టేది అక్కడేనని 1675 డిసెంబరు 29న కాఫీ హౌస్‌లన్నీ మూయించే ప్రకటన ఇచ్చాడు. జనవరి 10 నుంచి అమలు కావాలి. గగ్గోలు ఎంత లేచిందంటే 8వ తేదీనే వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత చేంజ్ ఆలీ. దీనికి దారులు ఎక్కువ, ఫోన్లో మ్యాప్ అక్కడ తికమక పెడుతుంది. ముందే ఒకసారి ఒంటరిగా వెళ్ళి తిరిగి చూసుకో. జోనాథన్స్ కాఫీ హౌస్ ఇక్కడే ఉండేది, ఫలకం ఉంది. 1698 నుంచి జాన్ కాస్టెయింగ్ అనే అతను షేర్లు, సరుకుల ధరల పట్టీ అచ్చేసి ఇక్కడి నుంచే మంగళ, శుక్రవారాల్లో అమ్మేవాడు. ఇక్కడ బేరాలాడిన బ్రోకర్లే 1773లో సొంత భవనం కట్టుకుని దానికి స్టాక్ ఎక్స్‌ఛేంజ్ అని పేరు పెట్టుకున్నారు. 1720లో సౌత్ సీ కంపెనీ షేర్లు కొని మునిగిపోయినవాళ్ళు పరుగులు తీసింది కూడా ఈ రాళ్ళ మీదే. పక్కనే గారవేస్ కాఫీ హౌస్‌లో అంగుళం కొవ్వొత్తి వెలిగించి వేలం పాట పెట్టేవాళ్ళు. వత్తి ఆరేలోపు చివరి పాట ఎవరిదైతే సరుకు వాళ్ళది. ఇంట్లో ఆడుకోమని చెప్పు, నేను ఆడించాను, చాలా బాగుంటుంది. సౌత్ సీ లెక్కలు మాత్రం చిన్నపిల్లలకు వద్దు.

లాంబార్డ్ వీధిలో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హౌస్ సంగతి చెప్పు. 1691లో టవర్ వీధి నుంచి ఇక్కడికి మారాడు. ఓడ కెప్టెన్లు, యజమానులు, బీమా రాసేవాళ్ళు అతని దగ్గర చేరేవాళ్ళు. ఏ ఓడ ఎక్కడుందో అన్న కబురు ముందు అతనికే తెలిసేది. ప్రపంచంలో పెద్ద బీమా మార్కెట్టు లాయిడ్స్ ఆ బల్లల దగ్గరే పుట్టింది.

ఈ మాట చెప్పి అక్కడితో ఆపేసి, చప్పట్లు కొట్టించకు బుజ్జీ. నేను నిన్ను గట్టిగా కోరేది ఇదొక్కటే. మనం నిలబడ్డ పబ్‌కి జమైకా అని పేరెందుకు వచ్చింది? ఆ సందులోని జమైకా కాఫీ హౌస్‌లో కూర్చున్నది ఆ దీవితో వ్యాపారం చేసేవాళ్ళు. ఆ వ్యాపారం బానిసలు పండించిన చక్కెర. పారిపోయిన నల్లజాతి మనిషిని పట్టి తెస్తే ఫలానా కాఫీ హౌస్‌లో బహుమతి ఇస్తామని ఆనాటి పత్రికల్లో ప్రకటనలు వచ్చేవి. బానిసల ఓడలకు బీమా రాసిన చరిత్రకు లాయిడ్స్ సంస్థ 2020 జూన్‌లో క్షమాపణ చెప్పింది. పదేళ్ళు దాటిన పిల్లలకు ఇది దాచకుండా చెప్పు. పిల్లలు తట్టుకోలేరని ఒక తల్లి నామీద కోపగించుకుంది. తట్టుకుంటారు. తర్వాత తెలిసినప్పుడు, ఆంటీ మాకెందుకు చెప్పలేదు అని అడిగితే మనమే తలెత్తుకోలేం.

చివరికి లెడెన్‌హాల్ మార్కెట్టు మీదుగా లైమ్ వీధికి నడిపించు. పైపులన్నీ బయటికి కనిపించే స్టీలు భవనం చూడగానే పిల్లలు గోల చేస్తారు. అదే ఇప్పటి లాయిడ్స్. అక్కడ యూనిఫాం వేసుకున్న సిబ్బందిని ఇవాళ్టికీ వెయిటర్లనే అంటారు. కాఫీ పోయడం మానేసి ఇన్ని తరాలైనా ఆ పిలుపు పోలేదు.

ఆ భవనం నిలబడ్డ నేల మీద ఒకప్పుడు ఈస్టిండియా హౌస్ ఉండేది. 1861లో పడగొట్టారు. కంపెనీ వాళ్ళు 1611లోనే మన మచిలీపట్నంలో దిగారు. సర్కారు జిల్లాలను ఏలిన కాగితాలు ఇక్కడికే వచ్చేవి. కంపెనీ ఓడల కెప్టెన్లు కూర్చునే జెరూసలేం కాఫీ హౌస్ కార్న్‌హిల్ దగ్గరే ఉండేది. 1663 సెప్టెంబరులో, డైరీకి పేరుపడ్డ శామ్యూల్ పీప్స్ అదే కార్న్‌హిల్‌లో భార్య గదికని చింట్ కొన్నాడు. అంటే రంగులద్దిన ఇండియా నూలుబట్ట అని తన డైరీలో తనే రాసుకున్నాడు. అలాంటి అద్దకం బట్టలకు పేరుపడ్డది మన కోరమాండల్ తీరం. ఆ ముక్క మన ఊళ్ళోదేనని నేను ఎప్పుడూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు. పెడన కలంకారీ చున్నీ ఒకటి వేసుకెళ్ళు, అప్పుడు విప్పి చూపించు. చాలు.

టైముంటే బస్సెక్కి స్ట్రాండ్ వెళ్ళండి. థామస్ ట్వైనింగ్ 1706లో అక్కడ టామ్స్ కాఫీ హౌస్ కొని, కాఫీతో పాటు టీ అమ్మడం మొదలుపెట్టాడు. 216 నంబరు కొట్టు ఇంకా ఉంది. ఇంగ్లీషువాళ్ళు కాఫీ వదిలి టీకి ఎలా మళ్ళారో అక్కడ చెప్పడం తేలిక. చైనా నుంచి టీ తెచ్చే వ్యాపారం ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది, 1784లో టీ మీద పన్ను 119 శాతం నుంచి పన్నెండున్నరకి దిగింది. గొప్పవాళ్ళు తలుపులు మూసుకుని క్లబ్బులు పెట్టుకున్నారు. పిల్లలు అలిసిపోతే ఇది వదిలేయ్, పరవాలేదు.

ఇంకొకటి, ఆట. సందులోకి అడుగుపెట్టేటప్పుడు ప్రతి పిల్లా పిల్లాడూ నీ చేతిలో ఒక పెన్నీ పెట్టాలి. నువ్వు, ఏం వార్తలు అని అడగాలి. వాళ్ళు ఒక వార్త చెప్పాలి, ఇంటిదైనా బడిదైనా. చెప్పాకే కాఫీ కథ మొదలు. ఒకసారి ఒక బాబు, మా తాతయ్య రాజమండ్రిలో నిన్న చనిపోయారు, నాన్న వెళ్ళలేకపోయారు అన్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత వాడు మధ్యాహ్నం దాకా నా చెయ్యి పట్టుకునే నడిచాడు.

ఆ పెన్నీలన్నీ బ్రూ డబ్బాలో దాచాను. వంటింట్లో పైఅరలో ఉంది. శనివారం వచ్చి తీసుకెళ్ళు. పీటేసుకుని నువ్వే దించాలి, నాకు అందదు.

ఇట్లు,
మీ అత్తయ్య